తెర మీద చదివే బార్‌కోడ్ స్టిక్కర్ మీద ఎందుకు మొరాయిస్తోంది?

మీరు అడిగింది ముందు ఒకసారి నా మాటల్లో చెప్తాను. నేను ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుని ఉంటే మీకు వెంటనే తెలుస్తుంది. ప్రొద్దుటూరులో మీ మామ చీరల అంగడికి బిల్లింగ్ ప్రోగ్రాం రాస్తున్నారు. పైథాన్‌లో పైథాన్-బార్‌కోడ్ అనే లైబ్రరీతో కోడ్ 39 అనే రకం బార్‌కోడ్‌లు తయారుచేసి, ఆ బొమ్మలను వర్డ్‌లో పెట్టి, సైజు సరిచేసి, 38 బై 25 మిల్లీమీటర్ల రోల్ మీద థర్మల్ ప్రింటర్‌తో కొడుతున్నారు. తెర మీద ఫోన్ పెడితే చదువుతోంది. స్టిక్కర్ మీద నాలుగింట్లో ఒకటి చదివితే గొప్ప. చదివిందాంట్లో కూడా ఎస్ఆర్1045 అని ఉండాల్సింది ఎస్ఆర్1045ఎమ్ అని వస్తోంది. ఇక దీన్నంతా వదిలేసి 890తో మొదలయ్యే 13 అంకెల బార్‌కోడ్‌కు మారిపోదామా అని చివరి ప్రశ్న.

కడపలో ఉండి పదిహేనేళ్లుగా ఇలాంటి అంగళ్లకే ప్రోగ్రాములు రాస్తున్నా. మీ లైబ్రరీలో దోషం లేదు. ప్రింటర్ కూడా మంచిదే అయ్యుంటుంది. ఆ రెంటికీ మధ్య మీరు చేసిన 'సైజు సరిచేసి' అన్న పని దగ్గరే గొడవంతా ఉంది.

ముందు సులభమైనది తేల్చేద్దాం, ఆ ఎమ్ సంగతి. కోడ్ 39కి తనిఖీ అక్షరం (సరిగ్గా చదివిందో లేదో సరిచూసుకోవడానికి చివర చేర్చే అక్షరం) తప్పనిసరి కాదు. కానీ ఈ లైబ్రరీ మీరు వద్దనకపోతే దానంతట అదే ఒకటి తగిలిస్తుంది. లెక్క ఇది: ఈ కోడ్‌లో ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉంటుంది. ఎస్‌కి 28, ఆర్‌కి 27, అంకెలకు వాటి విలువే. 28, 27, 1, 0, 4, 5 కలిపితే 65. దాన్ని 43తో భాగిస్తే మిగిలేది 22. 22వ విలువ గల అక్షరం ఎమ్. ఎస్ఆర్1046 కొట్టి చూడండి, చివర ఎన్ వస్తుంది. స్కానర్‌కు 'తనిఖీ అక్షరం ఉంది, సరిచూసి తీసెయ్' అని ఎవరూ చెప్పలేదు కాబట్టి అది కూడా డేటాయే అనుకుని పంపేస్తోంది. కోడ్ 39 ఆబ్జెక్ట్ తయారుచేసేటప్పుడు యాడ్ చెక్‌సమ్ అనే ఆప్షన్‌ను ఫాల్స్ చేస్తే ఎమ్ పోతుంది. అయితే ఆ ఆప్షన్ మార్చడానికి తొందరపడకండి. కోడ్ 39నే పక్కన పెట్టమంటాను నేను.

ఎందుకో మీ స్టిక్కర్ కొలతలతోనే చూద్దాం. ఇలాంటి గీతల బార్‌కోడ్‌లో అతి సన్నని గీత వెడల్పును మాడ్యూల్ అంటారు. మిగతావన్నీ దాని లెక్కలోనే ఉంటాయి. ఈ లైబ్రరీ గీసే కోడ్ 39లో లావు గీత సన్నగీతకు మూడింతలు. ఒక్కో అక్షరానికి 15 మాడ్యూళ్లు, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఇంకొకటి. మీ ఆరు అక్షరాలు, ఆ ఎమ్, కోడ్ మొదలూ ముగింపూ తెలిపేందుకు ముందూ వెనకా లైబ్రరీ పెట్టే రెండు నక్షత్రం గుర్తులు, మొత్తం తొమ్మిది. తొమ్మిది పదహార్లు 144, చివరి సందు తీసేస్తే 143 మాడ్యూళ్లు. లైబ్రరీ మామూలుగా మాడ్యూల్‌ను 0.2 మిల్లీమీటర్లు తీసుకుంటుంది, అంటే 28.6 మిల్లీమీటర్లు. దానికి రెండు పక్కలా 6.5 చొప్పున తెల్ల ఖాళీ వదులుతుంది. మొత్తం 41.6. మీ స్టిక్కరేమో 38. పట్టదు! పట్టలేదు కాబట్టే వర్డ్‌లో మూల పట్టుకుని లోపలికి లాగారు. అవునా?

లాగి 36 చేశారనుకుందాం. 0.2 ఉన్న మాడ్యూల్ 0.173 అయింది. ఇప్పుడు ప్రింటర్ వైపు నుంచి చూడండి. మన అంగళ్లలో ఎక్కువగా కనిపించేవి 203 డీపీఐ ప్రింటర్లు, అంటే అంగుళానికి 203 చుక్కలు. తలలో మిల్లీమీటరుకు ఎనిమిది చుక్కలు. ఒక చుక్క 0.125 మిల్లీమీటరు. చుక్కను సగం చేసి కొట్టడం దానికి చేతకాదు. కొడితే ఒకటి, లేకపోతే రెండు. 0.173 అంటే 1.38 చుక్కలు. అందుకని ఒకచోట ఒక చుక్క వేస్తుంది, పక్కన రెండు వేస్తుంది. ఒకే వెడల్పు ఉండాల్సిన రెండు గీతల్లో ఒకటి ఇంకోదానికి రెట్టింపు అవుతుంది. స్కానర్ చూసేది గీతల మధ్య ఉండే ఆ నిష్పత్తినే. అది చెడితే ఇక చదవడానికి ఏమీ మిగలదు. తెర మీద మీరు దాన్ని పెద్దగా, స్పష్టంగా చూపించారు కాబట్టి ఫోన్ చదివేసింది. దాన్ని చూసి కోడ్ బాగుందని అనుకోవడం సహజమే. మొదట్లో నేనూ అలాగే అనుకుని ఒక రాత్రంతా ప్రోగ్రాంలో తప్పు వెతికాను.

ఇంకో చిన్న అనుమానం. మీరు ఇంట్లో ప్రోగ్రాం నడిపి, బొమ్మలను వాట్సాప్‌లో అంగడి కంప్యూటర్‌కు పంపుతున్నారా? అలాగైతే అది కూడా ఒక కారణం. వాట్సాప్ ఫొటోగా పంపిన బొమ్మను నొక్కి జేపెగ్ చేసేస్తుంది, గీతల అంచులు బూడిదరంగులోకి పాకుతాయి. పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి. అసలు పంపకుండా అక్కడే తయారుచేసుకుంటే ఇంకా మంచిది.

సరే, ఏం చేయాలి? కోడ్ 128కి మారండి. కోడ్ 39 1974 నాటిది. కోడ్ 128 1981లో వచ్చింది. దాంట్లో సి అనే సెట్ ఉంది, అది రెండేసి అంకెలను ఒక్క గుర్తులో ఇముడుస్తుంది. ఒక్కో గుర్తు 11 మాడ్యూళ్లు, ముగింపు గుర్తు మాత్రం 13. మీ నంబర్లు ఎనిమిది అంకెలు అయితే మొదలు గుర్తు ఒకటి, అంకెల జతలు నాలుగు, తనిఖీ గుర్తు ఒకటి, ముగింపు ఒకటి: 66కు 13 కలిపి 79 మాడ్యూళ్లు. మాడ్యూల్‌కు కచ్చితంగా రెండు చుక్కలు ఇస్తే 19.75 మిల్లీమీటర్లు. ఈ కోడ్‌కు రెండు వైపులా పది మాడ్యూళ్ల తెల్ల ఖాళీ కావాలి, అంటే 2.5 చొప్పున 5. మొత్తం 24.75. మీ 38 స్టిక్కర్ మీద ఇంకా 13 మిల్లీమీటర్లు మిగులుతుంది. ఏమీ లాగాల్సిన పని లేదు. ఈ తనిఖీ గుర్తు కోడ్‌లో భాగమే కాబట్టి స్కానర్ తనే సరిచూసుకుని మింగేస్తుంది, మీ బిల్లులోకి రాదు.

ముందు ఎస్ఆర్ అని ఉంటే చీర అని తెలుస్తుంది కదా అంటారేమో. ఉంచుకోవచ్చు, ఖర్చు తెలుసుకుని ఉంచుకోండి. ఎనిమిది అంకెల ముందు రెండు అక్షరాలు పెడితే ఆ రెంటికీ రెండు గుర్తులు, అక్కడి నుంచి సి సెట్‌కు మారడానికి ఇంకొకటి. 33 మాడ్యూళ్లు పెరిగి 112 అవుతాయి. స్టిక్కర్ మీద ఎనిమిది మిల్లీమీటర్లకు పైగా పోయినట్టే. చీరా, జాకెట్ ముక్కా అన్నది డేటాబేస్ చూసుకుంటుంది. నా అలవాటు 10000001 నుంచి మొదలుపెట్టడం. అంకెలు ఎనిమిది కాబట్టి జతలుగా సరిపోతాయి, ముందు సున్నా లేదు. ముందు సున్నా ఉంటే ఏదో ఒకరోజు ఎవరో ఒకరు ఆ లిస్టును ఎక్సెల్‌లో తెరుస్తారు, ఎక్సెల్ ఆ సున్నాను తినేస్తుంది. ప్రోగ్రాంలో కూడా ఆ నంబరును స్ట్రింగ్‌గానే ఉంచండి.

ధరను మాత్రం బార్‌కోడ్‌లో పెట్టకండి. ఆషాఢం తగ్గింపు వచ్చిన రోజు అంగడిలో ఉన్న స్టిక్కర్లన్నీ పీకాల్సి వస్తుంది. చీరల విషయంలో ఒక్కో చీరకు ఒక్కో నంబరు ఇవ్వండి, ధర్మవరం నుంచి వచ్చిన రెండు పట్టుచీరలు ఒకే రకం అనిపించినా కొన్న ధర వేరుగా ఉండొచ్చు. లోపలి లంగాలు, ఫాల్స్‌లాంటి వాటికి రకానికి ఒక నంబరు చాలు.

ఇక లైబ్రరీతో ఎలా గీయాలి. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. ఈ లైబ్రరీ మామూలుగా ఎస్‌వీజీ రకం బొమ్మ ఇస్తుంది. ఇమేజ్ రైటర్ జతచేస్తే పిల్లో అనే బొమ్మల లైబ్రరీ సాయంతో పీఎన్‌జీ ఇస్తుంది. ఇమేజ్ రైటర్ డీపీఐ మామూలుగా 300, మీ ప్రింటర్ 203. అలాగే వదిలేస్తే మీరు వర్డ్‌లో చేసిన తప్పునే ఈసారి డ్రైవర్ చేస్తుంది. కాబట్టి డీపీఐ 203 అని ఇవ్వాలి. మాడ్యూల్ వెడల్పు 0.25 అని గుండ్రంగా రాస్తే సరిపోతుందనుకుంటాం. లెక్కేయండి: 0.25ను 203తో హెచ్చించి 25.4తో (అంగుళానికి మిల్లీమీటర్లు) భాగిస్తే 1.998 చుక్కలు. దారిలో ఎక్కడైనా దశాంశం తెగిపోతే రెండు కాస్తా ఒకటి అవుతుంది. అందుకే ఆ అంకెను చేత్తో రాయకుండా 2 ఇంటూ 25.4 బై 203 అని ప్రోగ్రాంలోనే లెక్కకట్టించండి. క్వైట్ జోన్‌ను, అంటే పక్కల తెల్ల ఖాళీని, 6.5 నుంచి 2.5కి దించండి, అంతకన్నా తగ్గించకండి.

నేనైతే ఆ రైటర్ జోలికే పోను. కోడ్ 128 ఆబ్జెక్ట్‌కు బిల్డ్ అనే ఫంక్షన్ ఉంది. అది మీకు ఒకట్లు, సున్నాలతో ఒక వరుస ఇస్తుంది. ఎనిమిది అంకెలకు ఆ వరుస పొడవు 79, లెక్కపెట్టుకోండి. ఒకటి అంటే నలుపు, సున్నా అంటే తెలుపు. పిల్లోలో నలుపు తెలుపు మాత్రమే ఉండే 1 మోడ్‌లో ఒక బొమ్మ తెరిచి, ఎడమన 20 పిక్సెళ్లు వదిలి, ఒక్కో ఒకటికి రెండు పిక్సెళ్ల వెడల్పు నల్లపట్టీ గీస్తూ పోండి. కుడివైపు మళ్లీ 20. మొత్తం 198 పిక్సెళ్లు. బూడిదరంగు అన్నది ఎక్కడా రాదు, అర చుక్క అన్నది పుట్టదు. పదిహేను లైన్ల ప్రోగ్రాం. దీన్ని ప్రింట్ చేసేటప్పుడు డైలాగ్‌లో ఫిట్ టు పేజ్ కాకుండా అసలు సైజు అని ఉండాలి.

ఇంతకన్నా సుఖమైన దారి ఇంకొకటుంది: బొమ్మే పంపకపోవడం. లేబుల్ ప్రింటర్లకు సొంత భాష ఉంటుంది. జీబ్రా రకానివైతే జెడ్‌పీఎల్, టీఎస్‌సీ రకానివైతే టీఎస్‌పీఎల్. 'ఇక్కడ కోడ్ 128 కొట్టు, ఎత్తు ఇంత, సన్నగీత రెండు చుక్కలు, లోపల ఈ నంబరు' అని నాలుగు ముక్కల్లో చెప్తే గీతలు ప్రింటరే గీసుకుంటుంది. దాని చుక్కలు దానికన్నా మనకు బాగా తెలుసా? జెడ్‌పీఎల్ వాడితే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఏమీ చెప్పకపోతే అది ఒక్కో అక్షరానికి ఒక్కో గుర్తు వాడే బి సెట్‌తో మొదలవుతుంది, అంకెలను జతలుగా ఇమడ్చదు. మీ 79 కాస్తా 123 మాడ్యూళ్లవుతాయి. కోడ్ 128 కమాండ్ చివర మోడ్ దగ్గర ఆటోమేటిక్ అని అర్థమిచ్చే ఏ పెట్టాలి. అంగడి పెరిగి రోజుకు వందల స్టిక్కర్లు కొట్టే స్థితి వస్తే ఈ దారికే రండి.

ఎత్తు గురించి అడగలేదు గానీ, అందరూ అక్కడ భయపడతారు. ఎత్తులో సమాచారం ఏమీ లేదు. ఈ గీతల ఆలోచన నార్మన్ జోసెఫ్ వుడ్‌లాండ్‌ది. మయామీ బీచ్‌లో ఇసుక మీద మోర్స్ కోడ్ చుక్కలు, గీతలు పెట్టి, వేళ్లతో వాటిని కిందికి లాగాడట. లాగిన ఆ పొడవే ఇప్పటి ఎత్తు. స్కానర్ కాస్త వంకరగా పట్టుకున్నా చదవడానికి తప్ప అది ఇంకెందుకూ పనికిరాదు. కాబట్టి స్టిక్కర్ మీద ధరకూ పేరుకూ చోటు చాలకపోతే ఎత్తు తగ్గించండి, 10 మిల్లీమీటర్లు ఉన్నా బిల్లు కౌంటర్ దగ్గర ఇబ్బంది పడరు. వెడల్పును మాత్రం ముట్టుకోవద్దు.

పేరంటే గుర్తొచ్చింది. బార్‌కోడ్ లోపల తెలుగు పెట్టలేరు, కోడ్ 128 పుట్టింది ఆస్కీ అక్షరాలకే, అంటే ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, గుర్తులకే. గీతల కింద తెలుగు పేరు రాయించొచ్చు. లైబ్రరీతో వచ్చే ఫాంట్‌లో తెలుగు ఉండదు, డబ్బాలు వస్తాయి. తెలుగు ఫాంట్ ఇచ్చినా పిల్లోకు అక్షరాలను కలిపి పేర్చే రాక్మ్ అనే లైబ్రరీ తోడు లేకపోతే ఒత్తులు విడిపోతాయి. 'ధర్మవరం'లో మ ఒత్తు రకారం కింద కూర్చోకుండా పొల్లుతో విడిగా నిలబడితే ఆ స్టిక్కర్ చూసి మీ మామ ఏమంటాడో ఊహించుకోండి. ముందు ఆ ఒక్క పదం కొట్టి చూసుకోండి.

ఇప్పుడు 890 సంగతి. వద్దు. 890 అంటే ఇండియాలో తయారైందని చాలామంది అనుకుంటారు. ఆ నంబరును జీఎస్1 ఇండియా అనే బార్‌కోడ్ నంబర్ల సంస్థ జారీ చేసిందని మాత్రమే దాని అర్థం. వాళ్ల దగ్గర తీసుకోకుండా మీరు రాసే ప్రతి 890 నంబరూ ఇంకొకరిది కావచ్చు. మీ అంగడిలోనే రేపు రెడీమేడ్ నైటీ ఒకటి అదే నంబరుతో వస్తే బిల్లులో పట్టుచీర పడుతుంది. అంగడి లోపలి వాడకానికి 20 నుంచి 29తో మొదలయ్యే నంబర్లు వదిలిపెట్టారు. కావాలంటే అవి వాడుకోవచ్చు. 12 అంకెలు ఇస్తే 13వది లైబ్రరీయే లెక్కేస్తుంది. ఉదాహరణకు 210000012345 ఇవ్వండి. ఎడమ నుంచి బేసి స్థానాల మొత్తం 8. సరి స్థానాల మొత్తం 10, దాన్ని మూడింతలు చేస్తే 30. కలిపితే 38. పై పదికి, అంటే 40కి, ఇంకా 2 కావాలి. చివరి అంకె 2.

అయినా మీకు అది నప్పదు, కారణం మళ్లీ చుక్కలే. ఈ రకం బార్‌కోడ్ 95 మాడ్యూళ్లు, ఖాళీలతో 113. ప్రమాణం ప్రకారం మాడ్యూల్ 0.264 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. మీ ప్రింటర్‌లో రెండు చుక్కలంటే 0.25, కొంచెం తక్కువ. మూడు చుక్కలంటే 0.375, మొత్తం 42 దాటుతుంది, స్టిక్కర్ 38. రెండూ కుదరవు. సూపర్‌మార్కెట్లకో ఆన్‌లైన్‌లోనో సరుకు అమ్మేవాళ్లకు ఆ నంబర్లు కావాలి, మీ మామకు అక్కర్లేదు. కంపెనీ బార్‌కోడ్‌తో వచ్చిన సరుకు మీద మాత్రం మళ్లీ మన స్టిక్కర్ అంటించకండి. ఆ 13 అంకెలనే చదివించి మీ పట్టికలో కలుపుకోండి. ఎనిమిది అంకెలు వస్తే మనది, పదమూడు వస్తే కంపెనీది అని ప్రోగ్రాంకు ఇట్టే తెలిసిపోతుంది. (మీ ఊళ్లో బంగారం అంగడి అయితే వేరేలా చెప్పేవాణ్ని. ఆ తోక ట్యాగుల మీద చోటు మరీ ఇరుకు, అక్కడ గీతల జోలికి పోకుండా చిన్న గళ్లతో ఉండే క్యూఆర్‌కో డేటా మ్యాట్రిక్స్‌కో వెళ్లాలి.)

ప్రింట్ గురించి రెండు అనుభవాలు. ఒక బట్టల అంగడాయన స్టిక్కర్ చూసి, 'నల్లగీతలేంది సామీ, కుంకుమరంగులో కొట్టియ్యి, శుభంగా ఉంటాది' అన్నాడు. ప్రెస్‌లో అచ్చు వేయించుకొచ్చాడు కూడా. ఒక్కటీ చదవలేదు. చాలా స్కానర్లది ఎర్రటి వెలుగు. ఎర్ర వెలుగులో ఎర్రగీత, తెల్లకాగితం రెండూ ఒకేలా కనిపిస్తాయి. తిప్పి కొడితే, అంటే ఎర్రకాగితం మీద నల్లగీతలు వేస్తే, ఇబ్బంది లేదు. చివరికి ఆయనకు అదే చేసిచ్చాం, శుభం కూడా దక్కింది. ఇంకో అంగడిలో రిబ్బన్ లేకుండా వేడికే నల్లబడే డైరెక్ట్ థర్మల్ కాగితం వాడారు. వీధివైపు అద్దంలో పెట్టిన చీరల స్టిక్కర్లు మే నెల ఎండకు బూడిదరంగు తిరిగాయి. మన ఎండలు మీకు చెప్పాలా? చీర అంగట్లో నెలల తరబడి ఉండే సరుకు, రిబ్బన్‌తో కొట్టే థర్మల్ ట్రాన్స్‌ఫర్ పద్ధతే వాడండి. ముదురుగా ఉంటే బాగా చదువుతుందని డార్క్‌నెస్ పూర్తిగా పెంచకండి. నలుపు పాకి మధ్య సందులు మూసుకుపోతాయి.

ప్రింటర్ తలలో ఒక చుక్క కాలిపోతే స్టిక్కర్ పొడవునా సన్నని తెల్లగీత కనిపిస్తుంది. బార్‌కోడ్ గీతలు కాగితం నడిచే దిశలోనే ఉంటే ఆ తెల్లగీత ఒక నల్లగీతను నిలువునా మింగేసి కోడ్‌ను చంపుతుంది. కొత్త తల వచ్చేదాకా బార్‌కోడ్‌ను 90 డిగ్రీలు తిప్పి కొట్టండి, ఆ తెల్లగీత అడ్డంగా పోతుంది, స్కానర్ పట్టించుకోదు. మీ 24.75 మిల్లీమీటర్ల కోడ్ 25 ఎత్తులో బొటాబొటిగా పడుతుంది కాబట్టి ఇది రెండు రోజుల సర్దుబాటు మాత్రమే.

అంతా అయ్యాక కూడా 'స్కానర్ పిచ్చి అక్షరాలు కొడుతోంది' అని ఫోన్ వస్తే కీబోర్డ్ భాష చూడండి. స్కానర్ కంప్యూటర్‌కు ఒక కీబోర్డ్ లాంటిదే. బిల్లులో తెలుగు పేరు కొట్టి, ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డ్‌ను అలాగే వదిలేసి స్కాన్ చేస్తే ఇంగ్లిష్ కే కాస్తా క అయి కూర్చుంటుంది. అంకెలు మాత్రమే వాడమనడానికి ఇది కూడా ఒక కారణం.

ఈ సాయంత్రం ఇంత చేయండి. 10000001 నుంచి 10000010 దాకా పది స్టిక్కర్లు కొట్టండి. ఫోన్‌తో కాదు, అంగట్లో ఉన్న స్కానర్‌తోనే ఒక్కొక్కటి చదివించి, వచ్చిన నంబరూ కొట్టిన నంబరూ ఒకటేనా అని ప్రోగ్రాంతోనే పోల్పించండి. తర్వాత ఒక స్టిక్కర్ మీద స్కేలు పెట్టి మొదటి నల్లగీత అంచు నుంచి చివరి నల్లగీత అంచు దాకా కొలవండి. 20 మిల్లీమీటర్లకు వెంట్రుకవాసి తక్కువ రావాలి. 18 వచ్చినా 22 వచ్చినా ఇంకా ఎక్కడో ఏదో మీ బొమ్మను లాగుతోందన్నమాట. అప్పుడు ప్రింటర్ మోడల్, మీరు కొట్టే దారి, ఆ కొలత, మూడూ రాయండి. చూసి చెప్తాను.